నూట ముప్పై రెండు మెట్లు

ఏడాదికోసారి స్టాఫుకి చేసే పరీక్షల్లో
నా చక్కెర గీత దాటలేదు గానీ
గీత మీద కూర్చుని కాళ్ళూపుతోందని తేలింది.
"నడవాలి, పెంచలా" అన్నాడు డాక్టరు.
నవ్వొచ్చింది నాకు.
రాత్రంతా చేసేదేంది సార్, పన్నెండు మంచాల మధ్య?
"అది తిరగడం. నడవడం వేరు."

కీల్పాక్ నుంచి ఇంటికి పోయే బస్సులో
ఆ రెండు మాటల్నీ చెరో చేతిలో పెట్టుకుని తూచాను.
నిజమే.
సెలైను అయిపోయి తొమ్మిదో మంచం వేయించిన అడుగులు
తొమ్మిదో మంచానివి.
బెడ్‌ప్యాన్ కోసం ఉరికినవి మూడో మంచం ముసలావిడవి.
తెల్లారి లెక్క చూస్తే
పాదాల్లో నొప్పి ఒక్కటే నాది.

పురసవాక్కం జిమ్ములో మూడు నెలలకి కట్టి
నాలుగు రోజులు వెళ్ళాను.
డ్యూటీ చార్టు మారింది, మళ్ళీ మారింది,
జిమ్ము కుర్రాడి మెసేజీలు మాత్రం మారలేదు.
నైటు దిగి పార్కుకి పోతే
పౌడరు రాసుకున్న మొహాలు, ఉతికిన సాక్సులు,
అందరికీ అప్పుడే తెల్లారింది.
నాకు నిన్నటి రోజే ఇంకా అయిపోలేదు.
రెండో చుట్టులో బెంచీ మీద వాలానంతే,
సంచీ గుండెకి హత్తుకుని తొమ్మిదింటిదాకా.
"ఇంగ తూంగక్కూడాదమ్మా" అని కాపలాదారు లేపాడు.

అలా మిగిలాయి మెట్లు.
అంతస్తుకి ఇరవై రెండు, ఆరు అంతస్తులు.
మూడుంబావుకి, వార్డు కాస్త కన్ను మూసినప్పుడు,
స్టెల్లాకి చెప్పి పది నిమిషాలు.
స్టూలు మీద కునికే లిఫ్టు ఏకాంబరం
మద్రాసు తెలుగులో అంటాడు:
"లిఫ్టు ఊరికే ఉండాదే, ఏం మొక్కుబడి నీకు?"

మొదటి వారం రెండో అంతస్తుకే
మోకాళ్ళు సెలవు చీటీ రాశాయి.
కానీ కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటే
పక్కింటి మిక్సీ నా నిద్రలో పచ్చడి రుబ్బడం మానేసింది.

మూడో అంతస్తులో కాన్పుల వార్డు, పాల వాసన.
నాలుగులో కాలిన గాయాల మందు.
ఐదో మలుపులో కిటికీ, అవతల
ఆవిన్ వ్యాను ట్రేలు దించే చప్పుడు,
ఉప్పుగాలి వచ్చిందో, వచ్చిందనుకున్నానో.

మెట్ల మీద నేనొక్కదాన్నే కాదు.
మంచం పక్కన ఏడవలేనివాళ్ళు
అక్కడికొచ్చి ఏడుస్తారు.
వాళ్ళని దాటేటప్పుడు చప్పుడు కాకుండా
మునివేళ్ళ మీద ఎక్కడం నేర్చుకున్నాను.
పిక్కలు గట్టిపడ్డది అందువల్లే.

ఆడి నెలలో ఒక రాత్రి
ఆరో అంతస్తు నుంచి పిలుపు.
లిఫ్టులో ఎవరిదో స్ట్రెచరు.
నూట ముప్పై రెండూ ఏకబిగిన.
అందరికంటే ముందు చేరి గుండె నొక్కడం మొదలెట్టాను,
లెక్క పైకి చెప్పడానికి నా దగ్గర ఊపిరుంది.
ముప్పై. మళ్ళీ ముప్పై.
ఇరవై నిమిషాలు.
ఆయన దక్కలేదు.
చేతులు కడుక్కుంటుంటే అద్దంలో
నా మొహం నిగనిగలాడుతూ, ఆరోగ్యంగా ఉంది.
దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు.

రెండు రాత్రులు లిఫ్టులోనే వెళ్ళాను.
ఏకాంబరం ఏమీ అడగలేదు.
మూడో రాత్రి లిఫ్టు తలుపు తియ్యకుండా
స్టూలు పక్కకి జరిపి, మెట్లకి దారిచ్చాడు.

నిన్న మళ్ళీ పరీక్ష.
చక్కెర గీతకి కాస్త ఇవతల,
చెప్పుకోదగ్గంత కాదు.
ఈ వారం పగటి డ్యూటీ,
మెట్ల నిండా జనం, టిఫిను క్యారియర్లు, ఎక్స్‌రే కవర్లు.
నైటు మళ్ళీ సోమవారం నుంచి.
నాలుగో అంతస్తు కింద ఒక మెట్టు అంచు విరిగుంది.
బల్బు పోయినా
అదెక్కడుందో నా కాలికి తెలుసు.